మేడం మాట్లాడని లెక్కల క్లాసు

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. రైల్లో సీటు దొరికినా తలుపు దగ్గరే నిలబడతాను. వికారాబాద్‌లో పొద్దున ఎక్కిన బండి ధారూర్ దాటకముందే ఫోన్లో ఇద్దరు టీచర్లతో మాట్లాడేసి, మూడో ఆయన ఎత్తకపోతే విసుక్కుంటూ ఉంటాను. తాండూరులో దిగి ఆటో కోసం పరిగెత్తే నన్ను చూసి, ఒకసారి ఆటో ఆయన ఎవరికన్నా బాగాలేదా అమ్మా అని అడిగాడు. ఎవరికీ ఏమీ కాలేదు. బడికి వెళ్తున్నానంతే.

ప్రభుత్వ బడుల్లో గోడకు బిగించిన డిజిటల్ బోర్డులను టీచర్ల చేత వాడించడం, ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున, నా ఉద్యోగం. వినడానికి సులువుగానే ఉంటుంది. ఒక బడిలో ఆ బోర్డుకు దసరా రోజు పెట్టిన కుంకుమ బొట్టు సంక్రాంతి దాటినా చెరగలేదు, ఎందుకంటే దాని మీద వేలు పెట్టినవాళ్లు లేరు. ఇంకో బడిలో హెడ్మాస్టరు గారు దాని పెన్నును తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. అడిగితే, పాడైతే జవాబు చెప్పేది నేను గద మేడం అన్నారు. సోషల్ సారు ఒకాయన మాత్రం రోజూ వాడతానని గర్వంగా చెప్పారు. పాఠమంతా నల్లబల్ల మీద చాక్‌పీసుతో రాసి, దాన్ని ఫోన్‌తో ఫోటో తీసి, ఆ ఫోటోను డిజిటల్ బోర్డు మీద చూపిస్తున్నారాయన. పిల్లలు నల్లబల్లకు వీపు పెట్టి కూర్చుని ఆ ఫోటోను చూసి రాసుకుంటున్నారు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక బాగుంది సార్ అని వచ్చేశాను.

అలాంటి బడుల మధ్య నాకు నిజంగా పని పడింది తాండూరు నుంచి యాలాల్ వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో. ఆ బడికి ముందు వరసగా బండలు పాలిష్ చేసే షెడ్లుంటాయి. వాటి తెల్లటి దుమ్ము చెట్ల ఆకుల మీద, గేటు మీద, పిల్లల చెప్పుల మీద ఉంటుంది. అక్కడ లెక్కలు చెప్పే మేడంది బొంరాస్‌పేట దగ్గర ఊరు. కూలి చేసుకునే ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి. తాండూరులో ఇల్లు కట్టుకుని ఇరవై ఏళ్లకు పైగా ఆ చుట్టుపక్కల బడుల్లోనే పనిచేస్తున్నారు. ఆమె గొంతు ఒకప్పుడు రోడ్డు మీదికి వినిపించేదట. గేటు ముందు మిర్చీలు వేసే ఆయన ఆమె పాఠాలు విని విని వర్గసమీకరణాలు వచ్చేశాయని జోకులేస్తుండేవాడని మిగతా టీచర్లు చెప్పారు.

నేను వెళ్లేసరికి ఆ గొంతు పోతోంది. మాట మాటకూ గరగర. వాక్యం చివరికి వచ్చేసరికి గాలి మాత్రమే మిగిలేది. హైదరాబాద్‌లో డాక్టరు గొంతులో కాయలు కాశాయని, దానికి విశ్రాంతి ఇవ్వకపోతే మొత్తానికే పోతుందని చెప్పాడట. హెడ్మాస్టరు మంచి మనసుతోనే ఏదైనా ఆఫీసు పనికి మార్పించుకోమని సలహా ఇచ్చారు. మేడం వినలేదు. మొదటి రోజు స్టాఫ్ రూంలో నన్ను పక్కకు పిలిచి, చాలా మెల్లగా తన సంగతి తనే చెప్పారు.

"నాకు క్లాసు గావాలె బిడ్డా. మాట తక్కువ గావాలె. మీ బోర్డుతోని గిది అయితదా?"

నేను వెంటనే అవుతుంది మేడం అనేశాను. నా నోరు అంతే, బుర్ర కన్నా ముందు పరిగెత్తుతుంది. ఆ రాత్రి ఇంటికి వచ్చాక, అవుతుందని ఏ ధైర్యంతో అన్నానా అని నా మీద నాకే కోపం వచ్చింది.

మొదట వీడియో పాఠాలు పెట్టాం. అందులో ఒక చక్కటి అమ్మాయి, చక్కటి పుస్తకాల తెలుగులో, త్రిభుజాల గురించి చెబుతుంది. మా పిల్లల్లో సగం మందికి ఇంట్లో కన్నడం, కొందరికి ఉర్దూ, మిగతావాళ్లది గిట్ల గట్ల అనే మన తెలుగు. అయినా నోళ్లు తెరుచుకుని చూశారు. నేను పొంగిపోయాను. మేడం మాత్రం బోర్డు వైపు చూడలేదు. తలుపు దగ్గర నిలబడి పిల్లల చేతుల వైపు చూస్తున్నారు. గంట కొట్టాక నా దగ్గరికి వచ్చి, వాళ్లు చూస్తున్నరు గని చేస్తలేరు అన్నారు. మర్నాడు అదే త్రిభుజాన్ని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. ఆ చక్కటి అమ్మాయి గాజులు ఏ రంగువో మాత్రం అందరూ చెప్పారు.

తర్వాత నడుముకు కట్టుకునే చిన్న స్పీకరు, చెంప పక్కన మైకు తెచ్చాను. మెల్లగా మాట్లాడినా పెద్దగా వినిపిస్తుంది కదా అని నా తెలివి. వినిపించింది. ఆమె దగ్గు వినిపించింది, నీళ్లు మింగిన చప్పుడు వినిపించింది, పక్క క్లాసు సారుకు కూడా వినిపించి ఆయన వచ్చి దండం పెట్టారు. అంతకన్నా ఘోరం, మైకు ఉంది కదా అని మేడం ఇంకా ఎక్కువ మాట్లాడడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి గొంతు ఇంకా దిగిపోయింది. నేను ఆ మైకును బ్యాగులో వేసుకుని తిరుగు రైలెక్కి, తలుపు దగ్గర నిలబడి, దారి పొడవునా కంది చేలను తిడుతూ వచ్చాను. కంది చేలు ఏం చేశాయో నాకు తెలియదు.

ఆ బడిలో డిజిటల్ బోర్డు ఉన్నది పాత హాల్లో. బెంచీలు సరిపోక పిల్లలు కిందే కూర్చునేవారు. నేల మొత్తం తాండూరు బండలే, నున్నగా, నీలి బూడిద రంగులో. ఒకరోజు బోర్డు మీద ఏదో మొదలుపెట్టగానే కరెంటు పోయింది. నాకు తల పట్టుకోవాలనిపించింది. హెడ్మాస్టరు రూంకు, మీటరు దగ్గరికి, మళ్లీ హాల్లోకి తిరుగుతున్నాను. హాల్లో ఎవరూ పరేషాన్ కాలేదు. పిల్లలు తమ ముందున్న బండను అరచేత్తో తుడుచుకుని, జేబుల్లోంచి చాక్‌పీసు ముక్కలు తీశారు. మేడం నల్లబల్ల మీద ఒక లెక్క రాశారు. అందరూ వంగి తమ బండ మీద చేయడం మొదలుపెట్టారు.

ఎవరి బండ వారిదే. ఒకరి బండ మీద ఇంకొకరు కాలు పెడితే కొట్లాటే. మేడం వరసల మధ్య తిరుగుతూ, లెక్క ఎక్కడ దారి తప్పిందో అక్కడ, దాని కింద, ఒక చిన్న చుక్క పెడుతున్నారు. ఒక్క మాట లేదు. చుక్క పడిన పిల్ల కాసేపు గోళ్లు కొరుక్కుని, తుడిచి, మళ్లీ చేస్తుంది. ఏళ్ల తరబడి ఆ బడిలో నడుస్తున్న పద్ధతే అది. నేను నెల రోజులుగా ఆ బండల మీదే నడుస్తూ, వైర్లు చూశాను గానీ బండలు చూడలేదు.

ఒక పిల్లవాడి బండ దగ్గర మేడం ఆగిపోయారు. బ్రాకెట్ ముందున్న మైనస్‌ను మొదటి సంఖ్యకే ఇచ్చి రెండోదాన్ని వదిలేశాడు వాడు. క్లాసులో సగం మంది చేసే తప్పే. మేడం వాడి పక్కన చతికిలబడి, బండ అంచును వేలితో మెల్లగా తట్టారు. వాడు ఆమె మొహంలోకి చూసి, కాసేపు ఆలోచించి, తల ఊపాడు. అప్పుడు ఆమె మిగతావాళ్లను చేత్తో పిలిచారు. అందరూ ఆ బండ చుట్టూ మూగారు. ఎక్కడ తప్పిందో వాళ్లే వెతుకుతున్నారు, కన్నడంలో, తెలుగులో వాదించుకుంటున్నారు. వెనకున్నవాళ్లకు కనబడక ముందున్నవాళ్ల భుజాలెక్కుతున్నారు.

వెనకున్నవాళ్లకు కనబడటం లేదు. నాకు ఆ ఒక్క మాటే బుర్రలో తిరిగింది. కరెంటు వచ్చేవరకు కూడా ఆగలేక మేడం చెవిలో చెప్పాను: ఆ బండను ఫోన్ కెమెరాతో చూపిస్తే, అలాగే బోర్డు మీద పెద్దగా కనబడుతుంది, అందరూ కూర్చున్నచోటు నుంచే చూడొచ్చు. ఆమె నా వైపు చూసి మొదటిసారి నవ్వారు. కరెంటు వచ్చాక నా ఫోన్‌ను బోర్డుకు కలిపి ఆమె చేతిలో పెట్టాను. ఆ పిల్లవాడి వంకర టింకర అంకెలు గోడ నిండా వచ్చేసరికి హాలంతా గొల్లున నవ్వింది. వాడు సిగ్గుపడలేదు, పెళ్లికొడుకులా కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి లెక్కల క్లాసు అదే. మేడం లెక్క రాస్తారు, తిరుగుతారు, ఒక బండను ఎంచుకుంటారు, అంచు తట్టి అనుమతి అడుగుతారు. తల అడ్డంగా ఊపితే ఊరుకుని ఇంకో బండకు వెళ్తారు. ఆ విషయంలో ఆమెకు ఎక్కడలేని పట్టుదల. ఒకసారి నేను తొందరపడి ఒక పిల్ల బండ మీద ఫోన్ పెట్టబోతే నా చేయి పట్టుకుని ఆపేశారు. ఆ పిల్ల కళ్లలో నీళ్లున్నాయని నాకు తర్వాత కనబడింది. మాట్లాడేదంతా పిల్లలే. మేడం క్లాసు మొత్తానికి రెండో మూడో మాటలు, అవీ గుసగుసగా. చలికాలం గడిచేసరికి ఆమె గొంతులో గరగర కొంచెం తగ్గింది. డాక్టరు, ఇలాగే ఉంచండి, వేసవి సెలవుల దాకా జాగ్రత్తగా ఉంటే నిలబడుతుంది అన్నాడట. ఆ మాట చెప్పడానికి ఆమె నాకు ఫోన్ చేయలేదు, మెసేజ్ పెట్టారు. నేను వికారాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద దాన్ని చదువుతూ నిలబడి, ఎక్కాల్సిన బండిని పోగొట్టుకున్నాను.

అంత సంతోషం నా కడుపులో ఆగుతుందా? కనిపించినవాళ్లందరికీ చెప్పాను. వేరే బడుల టీచర్లు చూడటానికి వచ్చారు. చివరికి విషయం పైకి చేరి, పెద్ద అధికారి ఒకాయన వస్తానన్నారు. బడికి సున్నం వేశారు. హెడ్మాస్టరు ఆ రోజు కొత్త చొక్కాలో వచ్చి, ఉదయం నుంచి గేటుకూ హాలుకూ మధ్య తిరుగుతూనే ఉన్నారు, నేనూ ఆయన వెనకే.

క్లాసు బ్రహ్మాండంగా జరిగింది. ఆ అధికారి చెడ్డవాడు కాదు, నేల మీద పిల్లల పక్కన కూర్చుని చూశారు. పిల్లలు కొట్లాడుకుని, తప్పును పట్టుకుని, సరిచేసి, ఎందుకో చెప్పారు. ఆయన కళ్లు మెరిశాయి. తర్వాత బయట కుర్చీలు వేసి చిన్న సభ పెట్టారు. మన దగ్గర సభ అంటే శాలువా ఉండాలి కదా. మేడంను ముందుకు పిలిచి, దండ వేసి, శాలువా కప్పారు. కప్పుతూనే మైకులో ప్రకటించారు: ఇంత మంచి పద్ధతి ఒక్క బడిలో ఉండిపోవద్దు, కాబట్టి వచ్చే నెల నుంచి మేడం వికారాబాద్‌లోనే ఉండి జిల్లాలోని టీచర్లందరికీ శిక్షణ ఇస్తారని. చప్పట్లు మోగాయి. హెడ్మాస్టరు కొట్టారు, పిల్లలు కొట్టారు, నేను అందరికన్నా గట్టిగా కొట్టాను.

ఆయన నవ్వుతూ మేడం వైపు మైకు పెట్టి, సంతోషమే కదా మేడం అన్నారు. ఒంటి మీద శాలువా, మెడలో దండ, ఎదురుగా ఊరి పెద్దలు. అలాంటప్పుడు మన దగ్గర ఎవరైనా వద్దంటారా? ఆమె చేతులు జోడించారు. దాన్ని అందరూ సరే అనుకున్నారు.

జనం చాయ్ వైపు కదిలాక ఆమె దగ్గరికి వెళ్లాను, నా మొహం ఇంకా వెలిగిపోతూనే ఉంది. ఆమె శాలువాను మడత పెడుతున్నారు, అంచులు కలవక మళ్లీ విప్పి మళ్లీ మడుస్తున్నారు.

"మస్తు చేసినవ్ బిడ్డా," అన్నారు గుసగుసగా. "క్లాసు తప్ప అన్నీ ఇప్పించినవ్."

కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అప్పుడు గానీ నాకు వెలగలేదు, శిక్షణ ఇవ్వడమంటే పొద్దున నుంచి సాయంత్రం దాకా నిండు హాళ్లలో మాట్లాడటం. మాట్లాడకుండా పాఠం చెప్పే దారి కనిపెట్టినందుకు ఆమెకు దొరికిన బహుమానం రోజంతా మాట్లాడే ఉద్యోగం. ఆ రాత్రి మంచం మీద కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. నా మీద కోపం, ఆ శాలువా మీద కోపం, మంచివాళ్లు మంచి చేయబోయి ఇలా ముంచుతారేమని అందరి మీదా కోపం.

పొద్దున్నే వికారాబాద్ ఆఫీసుకు వెళ్లి ఆయన గది ముందు నిలబడ్డాను. ఆయన నన్ను గుర్తుపట్టి కూర్చోమన్నారు. నేను నిలబడే గబగబా చెప్పేశాను, గొంతు సంగతి, డాక్టరు మాట, క్లాసు మీద ఆమె ప్రాణం. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. నేను ఆమెకు మేలు చేశాననుకుంటున్నా, ఆమె సభలో ఏమీ అనలేదు కదమ్మా అన్నారు. గొంతు లేని మనిషి ఎలా అంటుంది సార్ అన్నాను. ఆయన కాసేపు పేపర్‌వెయిట్ తిప్పి, మీరు బయటి మనుషులు, మీ మాట మీద నేను మార్చలేను, ఇష్టం లేకపోతే ఆమెనే వచ్చి చెప్పమనండి అన్నారు. రూలు అంటే రూలే. దాంట్లో ఆయన తప్పు కూడా ఏమీ లేదు, అదే నాకు ఇంకా మంటగా ఉంది.

రెండు రోజుల తర్వాత మేడం తాండూరు నుంచి వచ్చారు. స్టేషన్‌లో దింపుకుని ఆటోలో ఆఫీసుకు తీసుకెళ్లాను. మీరు పక్కన కూర్చోండి చాలు, మాటలన్నీ నేను చెప్తాను, లేదా కాగితం మీద రాసిద్దాం అని దారంతా బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపారు. మెట్లెక్కుతూ ఆగి, "నా పిల్లల ముచ్చట నేనే చెప్పాలె గద బిడ్డా," అన్నారు.

గదిలో అప్పటికే జనం. ఎవరివో బదిలీలు, ఎవరివో సెలవులు. పైన ఫ్యాను పెద్ద చప్పుడు చేస్తూ తిరుగుతోంది. మేడం టేబుల్ ముందు నిలబడి మొదలుపెట్టారు. ఆయనకు వినిపించలేదు. జర గట్టిగ చెప్పండి మేడం అన్నారు, మర్యాదగానే. ఆమె గట్టిగా చెప్పారు. ఫోను మోగింది, ఆయన మాట్లాడి పెట్టేసి మళ్లీ అడిగారు, ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పారు. వికారాబాద్‌లో ఇల్లు దొరకదనా అని ఆయన అడిగారు. కాదని చెప్పారు. తోటి టీచర్లతో ఏమైనా ఇబ్బందా అని అడిగారు. కాదని చెప్పారు. పెద్ద అవకాశం పోగొట్టుకుంటున్నారు, ఆలోచించండి అన్నారు. ప్రతి మాటకూ ఆ గొంతు చిరుగుతోంది. నేను రెండుసార్లు నోరు తెరిచాను, రెండుసార్లూ ఆమె వెనక్కి చూడకుండానే చెయ్యి పెట్టి ఆపారు. చివరికి ఆమె టేబుల్ మీద రెండు చేతులూ ఆనించి, గదిలో అందరూ తిరిగి చూసేంత గట్టిగా అన్నారు.

"ఉన్నన్ని దినాలు నేను పిల్లల దగ్గర్నే ఉంట సార్."

ఆయన లేచి నిలబడ్డారు. సరే మేడం, మీ బడిలోనే ఉండండి, చూడాలనుకునేవాళ్లే అక్కడికి వస్తారు అన్నారు. మాట నిలబెట్టుకున్నారు కూడా.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాం. నేను పొంగిపోతూ చాయ్ తాగుదామా మేడం అన్నాను. ఆమె జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. ఏమీ రాలేదు. నీళ్ల సీసా ఇచ్చాను, రెండు గుక్కలు తాగి మళ్లీ ప్రయత్నించారు. గాలి కూడా మాటగా మారలేదు. ఆమె నా వైపు చూసి, పోయిందన్నట్టు చేయి తిప్పి, నా భుజం తట్టారు. నేను రోడ్డు మీద, జనం చూస్తుండగా ఏడ్చాను. ఏడాదంతా ఆమె దాచుకున్న నాలుగు మాటలు ఆ ఫ్యాను కింద ఖర్చయిపోయాయి. పొద్దస్తమానం వాగే నేను ఆ గదిలోనే ఉన్నాను, నా గొంతు ఎవరికీ పనికి రాలేదు.

హైదరాబాద్ డాక్టరు ఆపరేషన్ చేశాడు. ఇంకా మందులు నడుస్తున్నాయి. వస్తుందనీ చెప్పడు, రాదనీ చెప్పడు. బడి తెరిచిన రోజు నుంచి ఆమె మాత్రం హాల్లోనే ఉన్నారు. హాజరు ఒక పిల్ల పిలుస్తుంది. మేడం బండల మధ్య తిరుగుతారు, చుక్కలు పెడతారు, అంచు తట్టి అడుగుతారు, ఒక బండ గోడ నిండా వెలుగుతుంది. హాలు ఎప్పటిలాగే సంతలా ఉంటుంది.

మొన్న వెళ్లినప్పుడు, ఈ ఏడు కొత్తగా చేరిన పిల్ల ఒకతి నా చున్నీ పట్టుకుని గుంజింది. పై క్లాసు పిల్లలు మేడం గొంతు గురించి ఏవేవో చెబుతున్నారట, రోడ్డు దాకా వినిపించేదని. తను ఒక్కసారి కూడా వినలేదు.

"మీరు విన్నరు గద మేడం," అంది. "మా మేడం ఎట్ల మాట్లాడుతుండె?"

నేను ఆ గొంతును ఎరుగుదును. గరగరను, గుసగుసను, అంతే. రోడ్డు దాకా వినిపించిన రోజుల్లో నేను లేను. అయినా ఆ పిల్ల పక్కన బండ మీద కూర్చుని, ఆఫీసులో అందరూ తిరిగి చూసిన ఆ ఒక్క మాటను, ఆమె అన్నంత గట్టిగా, ఆమె అన్నట్టే చెప్పాను. హాలంతా ఒక్కసారిగా ఆగిపోయింది. అవతలి వరసలో వంగి చుక్క పెడుతున్న మేడం తల ఎత్తి మా వైపు చూశారు.